కారు గుద్దిన కేసులో పరిహారం ఎక్కడెక్కడ ఆగిపోతుంది, ఆగకుండా ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ బావమరిదికి 32 ఏళ్లు, విజయవాడలో సొంతంగా ఎలక్ట్రీషియన్ పని. సూర్యాపేట దగ్గర హైవే మీద బైకు నడుపుతుంటే కారు గుద్దింది. కుడి తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. నాలుగు నెలలు దాటింది, చార్జిషీటు ఇంకా పడలేదు. లాయరు "డిసేబిలిటీ సర్టిఫికెట్ వచ్చాక ఓపీ (పరిహారం పిటిషన్) వేద్దాం" అంటున్నారు. కారు ఓనరు మనుషులు లక్ష రూపాయలకు రాజీ అంటున్నారు. కేసు నానకుండా ఏం చేయాలి?

అన్నిటికన్నా ముందు, సర్టిఫికెట్ కోసం ఆగకుండా పిటిషన్ వేయించండి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన సెక్షన్ 166(3) 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రమాదం జరిగిన తేదీ నుంచి ఆరు నెలల్లో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో పిటిషన్ పడాలి. అంతకుముందు గడువన్నదే లేదు, అందుకే "ఏడాది తర్వాత వేసినా ఏం కాదు" అనే పాత మాట ఇంకా చెలామణిలో ఉంది. ఈ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందుంది. అది తేలేదాకా గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది గడువు దాటిపోయినవాళ్లకు ఊరట. చేతిలో ఇంకా దాదాపు రెండు నెలలున్న మీరు దాన్ని నమ్ముకుని కూర్చోనక్కర్లేదు.

గడువు సంగతి అటుంచినా డబ్బు లెక్క ఒకటుంది. సెక్షన్ 171 కింద వడ్డీ పిటిషన్ వేసిన తేదీ నుంచే మొదలవుతుంది, ప్రమాదం జరిగిన తేదీ నుంచి కాదు. రేపు 10 లక్షలు అవార్డు (ట్రిబ్యునల్ తీర్పు) వచ్చి, 7.5 శాతం వడ్డీ వేశారనుకుంటే నెలకు 6,250 రూపాయలు. ఎనిమిది నెలలు ఆగి వేస్తే యాభై వేలు ఎవరూ అడగకుండానే వదులుకున్నట్టు.

పిటిషన్ వేయడానికి కావలసినవి ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్ లేదా డిశ్చార్జ్ సమ్మరీ, కారు ఆర్‌సీ, బీమా పాలసీ వివరాలు, ఆధార్. చార్జిషీటు, డిసేబిలిటీ సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేసుకోవచ్చు. ఎంత అడగాలో ఇప్పుడే తెలియదు కదా అంటే, అంచనాగా ఒక మొత్తం వేయండి. అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వడానికి ట్రిబ్యునల్‌కు అధికారం ఉందని నాగప్ప కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. పెరిగిన మొత్తానికి కోర్టు ఫీజు తేడా కడితే సరిపోతుంది. "ఇంకా చికిత్స నడుస్తోంది, రాడ్ తీయడానికి మళ్లీ ఆపరేషన్ ఉంది" అని పిటిషన్‌లోనే రాయించండి. ఆ వాక్యం లేకపోతే రెండో ఆపరేషన్ బిల్లుల దగ్గర బీమా కంపెనీ లాయరు "ఇది ప్రమాదానికి సంబంధించినది కాదు" అని పట్టుకుంటారు.

ఎక్కడ వేయాలన్నది మీ ఇష్టం. ప్రమాదం జరిగిన చోటు, బాధితుడు ఉండే చోటు లేదా పని చేసుకునే చోటు, ప్రతివాది ఉండే చోటు, వీటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. మీకు విజయవాడే మేలు. సాక్ష్యం చెప్పాల్సింది మీ బావమరిది, చికిత్స చేసిన డాక్టరు. ఇద్దరూ అక్కడే ఉంటే సూర్యాపేటకు తిరగడంలో పోయే వాయిదాలు తప్పుతాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. 2022లో వచ్చిన కొత్త మోటారు వాహనాల రూల్స్ ప్రకారం పోలీసులు పంపే ప్రమాద నివేదిక మామూలుగా ప్రమాదం జరిగిన చోటి ట్రిబ్యునల్‌కు వెళుతుంది, సెక్షన్ 166(4) కింద దాన్నే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకునే అవకాశం ఉంది. ఒకే ప్రమాదం మీద రెండు చోట్ల రెండు నంబర్లు పడితే ఏది నడవాలో తేలేదాకా రెండూ ఆగుతాయి. కాబట్టి విజయవాడలో ఎంవీఓపీ (మీ పరిహారం పిటిషన్) నంబరు రాగానే, ఆ నంబరుతో దర్యాప్తు అధికారికి ఒక ఉత్తరం, సూర్యాపేట ట్రిబ్యునల్‌కు ఒక మెమో వెళ్లాలి. పిటిషన్‌తో పాటు "మరెక్కడా క్లెయిమ్ వేయలేదు" అన్న అఫిడవిట్ కూడా పెట్టించండి.

ఇక స్టేషన్ సంగతి. 2022 రూల్స్ పోలీసులకు వరుసగా గడువులు పెట్టాయి: 48 గంటల్లో మొదటి నివేదిక (ఫారం 1), బాధితుడికి అతని హక్కులు తెలిపే ఫారం 2 పది రోజుల్లో, మధ్యంతర నివేదిక (ఫారం 5) 50 రోజుల్లో, పూర్తి వివరాల నివేదిక (ఫారం 7) 90 రోజుల్లో. బాధితుడు నింపి ఇవ్వాల్సింది ఫారం 6, దానికి 60 రోజులు. గోహర్ మహమ్మద్ కేసులో 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఇవి కచ్చితంగా పాటించాలంది. క్షేత్రంలో అన్ని స్టేషన్లలోనూ ఇవి వేళకు జరగవు. మీకు ఫారం 6 ఎవరూ ఇవ్వలేదంటే ఆశ్చర్యం లేదు. మీరే నింపి, రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోం అని అంటే స్పీడ్ పోస్టులో పంపండి, కాపీ డీఎస్పీకి. నోటి మాటగా పదిసార్లు అడిగినదానికన్నా ముద్ర పడిన ఒక్క కాగితం ఎక్కువ పని చేస్తుంది.

చార్జిషీటు పడలేదన్నది పిటిషన్ ఆపడానికి కారణం కాదు. క్రిమినల్ కేసులో సందేహానికి తావులేకుండా నిరూపించాలి, ట్రిబ్యునల్‌లో ఎవరి వాదనకు మొగ్గు ఎక్కువ ఉందన్నదే చూస్తారు. క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం రావచ్చు. కానీ చార్జిషీటు ఎందుకు ఆగిందో మాత్రం తెలుసుకోండి, ఎందుకంటే ఆ కారణమే రేపు మీ కేసునూ ఆపుతుంది. సాధారణంగా మూడింటిలో ఒకటి ఉంటుంది: ఆసుపత్రి నుంచి గాయాల సర్టిఫికెట్ రాకపోవడం, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు పెండింగ్, డ్రైవరు ఎవరో తేలకపోవడం.

మొదటిదే ఎక్కువ. ప్రమాదం రోజు ఏరియా ఆసుపత్రిలో రాసిన గాయాల సర్టిఫికెట్లో "అభిప్రాయం ఎక్స్‌రే తర్వాత" అని ఉంటుంది. రోగిని విజయవాడకు తెచ్చేశారు, ఎక్స్‌రే ప్రైవేటు ఆసుపత్రిలో తీశారు, పాత ఆసుపత్రిలో ఫైలు అలాగే తెరిచి ఉంది. కొన్నిసార్లు ఎక్స్‌రే లేదు కదా అని "సాధారణ గాయం" అని రాసేస్తారు. ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 116 ప్రకారం అది తీవ్ర గాయమే. ఎఫ్ఐఆర్ 125(ఎ) కింద ఉంటే 125(బి)కి మార్చాలి. మీరు చేయాల్సింది: ఎక్స్‌రే, సీటీ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ కాపీలు దర్యాప్తు అధికారికి ఇచ్చి, వాటి ఆధారంగా తుది గాయాల సర్టిఫికెట్ తెప్పించమని, సెక్షన్ మార్చమని రాతపూర్వకంగా కోరడం. ఈ ఒక్క పనితో చాలా చార్జిషీట్లు కదులుతాయి.

ఆసుపత్రి కేస్ షీట్‌లో ప్రమాదం ఎలా జరిగిందని రాశారో ఇప్పుడే చూడండి. అక్కడ ఉండాల్సింది "కారు ఢీకొని గాయం" అని. చాలా షీట్లలో హడావుడిలో "బైకు స్కిడ్ అయి పడ్డాడు" అని రాసి ఉంటుంది. స్పృహలేని మనిషిని తెచ్చిన ఆటో డ్రైవరు చెప్పినదే డ్యూటీ డాక్టరు రాసుకుంటారు. (షీట్ మీద ఆర్‌టీఏ అని కనిపిస్తే కంగారుపడకండి, అది రవాణా ఆఫీసు కాదు, రోడ్డు ప్రమాదం అని.) బీమా కంపెనీ ఇన్వెస్టిగేటరు ముందుగా తీసుకెళ్లే కాగితం ఈ కేస్ షీటే. "స్కిడ్" అన్న మాట ఉంటే కంపెనీ "ఈ కారుకు సంబంధమే లేదు, తర్వాత ఇరికించారు" అని కౌంటర్ వేస్తుంది, ఆసుపత్రి రికార్డు తెప్పించడానికి పిటిషన్ వేస్తుంది, ఏడాది అలా పోతుంది. దిద్దించడానికి ప్రయత్నించకండి, దిద్దిన రికార్డు అసలుకే ఎసరు. రోగిని ఎవరు తెచ్చారు, ఆ వివరం ఎవరు చెప్పారు అన్నది ఆసుపత్రి నుంచి రాతలో తీసుకోండి. కారు గుద్దడం చూసినవాళ్లు ఒక్కరైనా పోలీసు వాంగ్మూలంలో, తర్వాత ట్రిబ్యునల్‌లో సాక్షిగా ఉండేలా చూడండి.

ఎఫ్ఐఆర్ ఆలస్యంగా పడిందన్న బెంగ మీకుంటే, ఆ ఒక్క కారణంతో క్లెయిమ్‌ను అనుమానించకూడదని రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే రాసి ఉండాలి, అంతే. ఐసీయూలో ఉన్నాడు, కుటుంబం హైదరాబాద్ తిరుగుతోంది అన్నది చాలిన కారణమే. ఎఫ్ఐఆర్‌లో బండి నంబరు లేకుండా "గుర్తు తెలియని కారు" అని ఉండి, పది రోజుల తర్వాత నంబరు చేరితే మాత్రం పోరాటం తప్పదు. అప్పుడు సీసీటీవీ ప్రాణం. మీ మార్గంలో కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు ఉన్నాయి, దారి పొడవునా పెట్రోలు బంకులు, దాబాలు ఉన్నాయి. ఈ రికార్డింగులు ఎక్కువ కాలం ఉండవు, పాతదాని మీద కొత్తది పడిపోతుంది. ఇది చదువుతున్న ఇంకెవరికైనా ప్రమాదం ఈ వారంలోనే జరిగి ఉంటే, అన్నం తినకముందు చేయాల్సిన పని ఇది: ఫుటేజీ భద్రపరచమని దర్యాప్తు అధికారికీ, ఆ బంకు లేదా టోల్ మేనేజరుకూ రాతలో ఇవ్వండి.

పిటిషన్‌లో ఎవరెవరిని పార్టీలుగా చేర్చాలన్న దగ్గర జరిగే పొరపాట్లు కనిపించని ఆలస్యం. కారు ఓనరు, బీమా కంపెనీ తప్పనిసరి. డ్రైవరును కూడా చేర్చండి. ఓనరు పేరు ఎఫ్ఐఆర్ చూసి కాక ఆర్‌సీ చూసి రాయండి. కారు అమ్మేసి పేరు మార్చకపోతే చట్టం దృష్టిలో ఓనరు ఆర్‌సీలో ఉన్న వ్యక్తే, కొన్నవాణ్ని కూడా చేర్చడం మంచిది. పాలసీ విషయంలో ప్రమాదం తేదీన అమల్లో ఉన్న పాలసీ నంబరు కావాలి. ఎంపరివాహన్ యాప్‌లో ఇవాళ కనిపించేది రెన్యువల్ అయిన కొత్త పాలసీ కావచ్చు, కంపెనీయే మారిపోయి ఉండొచ్చు. తప్పు కంపెనీని చేరిస్తే, వాళ్లు వచ్చి "ఆ రోజు మా పాలసీ లేదు" అనేదాకా ఆరు నెలలు, సరైన కంపెనీని చేర్చే పిటిషన్‌కు ఇంకో ఆరు నెలలు. బాధితుడి తప్పు లేకుండా వేరే రెండు వాహనాల వల్ల ప్రమాదం జరిగి ఉంటే రెండింటి ఓనర్లు, రెండు కంపెనీలనూ మొదటి రోజే చేర్చండి. ఎవరి తప్పు ఎంత అని వాళ్లు వాళ్లు తేల్చుకుంటారు, బాధితుడు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యే కేసులో తీర్పు ఉంది. ఆర్టీసీ బస్సయితే అది సంస్థ సొంత బస్సా, అద్దె బస్సా చూడాలి. అద్దె బస్సుకు ప్రైవేటు ఓనరు, బీమా కంపెనీ వేరే ఉంటారు, సంస్థతో పాటు వాళ్లనూ చేర్చాలి.

తర్వాత మెట్టు నోటీసులు. మొదటి నాలుగైదు వాయిదాలు ఎందుకు పోతాయో చాలామందికి తెలియదు. ఓనరుకు నోటీసు "ఇల్లు మారారు" అని తిరిగొస్తుంది, మళ్లీ ప్రాసెస్ ఫీజు (నోటీసు పంపే ఫీజు) కట్టాలి, గుమాస్తా మరిచిపోతారు, వాయిదా. ఆర్‌సీ అడ్రసు, చార్జిషీటులో ఉన్న అడ్రసు, డ్రైవింగ్ లైసెన్స్ అడ్రసు మూడూ లాయరుకు ఇవ్వండి. రెండుసార్లు తిరిగొస్తే పేపరు ప్రకటన ద్వారా నోటీసుకు అనుమతి అడగమనండి, నాలుగోసారి దాకా ఆగొద్దు. బీమా కంపెనీకి నోటీసు, పాలసీ ఇచ్చిన బ్రాంచికి కాక మీ ఊళ్లో ఉన్న డివిజనల్ లేదా ప్రాంతీయ ఆఫీసుకు వెళ్తే త్వరగా వకాల్తా పడుతుంది. ఓనరు వచ్చినా రాకపోయినా పెద్ద తేడా లేదు, ఎక్స్ పార్టీ చేసి (అతను లేకుండానే విచారణ జరిపి) ముందుకు పోవచ్చు. అసలు పోరు కంపెనీతోనే.

కంపెనీ ఎత్తే వాదనల్లో ఒకటి డ్రైవరు లైసెన్స్. ట్యాక్సీ ప్లేటు కారును మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడిపారు కాబట్టి మేం కట్టం అనేవాళ్లు. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనానికి ఎల్ఎంవీ లైసెన్స్ చాలని 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చేసింది. మీ లాయరు ఆ తీర్పు చూపిస్తే ఒక వాయిదా మిగులుతుంది. మీ బావమరిది లైసెన్స్, బైకు పాలసీ, హెల్మెట్ సంగతి కూడా అడుగుతారు. లైసెన్స్ లేనంత మాత్రాన తప్పు అతనిదే అయిపోదు, కానీ కాగితం ఉంటే మొదటి రోజే పెట్టేయండి.

ఇక డాక్టరు, డిసేబిలిటీ. మొత్తం కేసులో ఎక్కువ కాలం తినేది ఇక్కడే, ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే. లెక్క చూస్తే అర్థమవుతుంది. ఆదాయం నెలకు 18,000 అనుకుందాం, ఏడాదికి 2,16,000. సొంత పని చేసుకునే 40 ఏళ్లలోపు వ్యక్తికి ప్రణయ్ సేథీ తీర్పు (2017) ప్రకారం భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో చెప్పారు. అప్పుడు 3,02,400. పని సామర్థ్యం 20 శాతం తగ్గిందని తేలితే ఏడాదికి 60,480. వయసు 31 నుంచి 35 మధ్య ఉంటే సరళా వర్మ తీర్పులోని వయసుల పట్టిక ప్రకారం 16తో గుణించాలి: 9,67,680 రూపాయలు. అదే 30 శాతం అయితే 14,51,520. దీనికి ఆసుపత్రి ఖర్చులు, నొప్పి బాధల పరిహారం, పని పోయిన నెలల ఆదాయం, మనిషి తోడు ఖర్చులు అదనం. లక్ష రూపాయల రాజీ ఎక్కడుందో దీనితో పోల్చుకోండి.

సర్టిఫికెట్‌లో ఉండే శాతం ఒకటి, ట్రిబ్యునల్ తీసుకునే శాతం ఇంకొకటి. 2010 నాటి రాజ్ కుమార్ తీర్పు సారం అదే. కాలు 40 శాతం దెబ్బతింది అని ఉంటే మొత్తం శరీరానికి అది ఎంత, అతని వృత్తికి ఎంత అని ట్రిబ్యునల్ విడిగా చూస్తుంది. ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కాలి, గొంతుక్కూర్చోవాలి, బైకు మీద సైట్లు తిరగాలి. మోకాలు ఎంత డిగ్రీలు వంగుతోంది, కాలు ఎంత పొట్టిదైంది, ఎముక పూర్తిగా అతుక్కుందా అన్నవి కొలతలతో సర్టిఫికెట్‌లో ఉంటే పనికొస్తుంది. "పాక్షిక శాశ్వత వైకల్యం 35 శాతం" అన్న ఒక్క లైను కాగితాన్ని క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండు ప్రశ్నలతో పడేస్తారు.

ఎప్పుడు తీసుకోవాలి? తొడ ఎముకకు రాడ్ వేసిన కేసులో ఆరు నెలలకు ముందు తీసుకుంటే "ఇంకా అతుకుతోంది, మెరుగవుతుంది" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. చికిత్స ఒక కొలిక్కి వచ్చి, ఇక పెద్దగా మారదు అని సర్జన్ అన్నాకే వెళ్లాలి. సదరం క్యాంపు స్లాట్ దొరకడానికే సమయం పడుతుంది కాబట్టి ఇప్పటినుంచే చూసుకోండి. ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్, చికిత్స చేసిన సర్జన్ సాక్ష్యం, ఈ రెండూ కలిస్తే బలం. రోగిని ఒక్కసారే చూసి కోర్టు కోసం సర్టిఫికెట్ రాసిచ్చే డాక్టర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల పేర్లు ట్రిబ్యునల్‌కూ, కంపెనీ లాయర్లకూ కంఠతా వచ్చు. ఆ దారిలో వెళితే సర్టిఫికెట్ త్వరగా వస్తుంది, శాతం సగానికి తెగుతుంది.

సర్జన్ కోర్టుకు రారు. చూడాల్సిన రోగులు ఉంటారు, ఆపరేషన్లు ఉంటాయి, మూడు సమన్లు వెళ్లినా వాయిదానే. దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, డాక్టరు దగ్గరికే అడ్వొకేట్ కమిషనర్‌ను (ట్రిబ్యునల్ నియమించే లాయరును) పంపి ఆసుపత్రిలో సాక్ష్యం నమోదు చేయించమని పిటిషన్ వేయడం. రెండోది, వీడియో కాన్ఫరెన్స్. బాధితుడి సాక్ష్యం అయిన వాయిదా రోజునే ఈ పిటిషన్ సిద్ధంగా ఉండాలి. ఆసుపత్రి రికార్డు సెక్షన్ తరఫున ఎవరో ఒకరు కేస్ షీట్ తెచ్చి చూపించాల్సి ఉంటుంది, సమన్లలో "మొత్తం కేస్ షీట్‌తో" అన్న మాట ఉండేలా చూడండి. లేకపోతే మనిషి వస్తాడు, ఫైలు రాదు.

బిల్లుల గురించి. తేదీల వారీగా కట్టండి, ప్రతి మందుల బిల్లుకు ఎదురుగా ఆ మందు రాసిన చీటీ ఉండాలి. చీటీ లేని మందుల షాపు బిల్లులను ట్రిబ్యునళ్లు నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తాయి. థర్మల్ కాగితం బిల్లులు ఏడాదిలో తెల్లబడిపోతాయి, వెంటనే ఫొటోకాపీ తీసి ఒరిజినల్‌తో కలిపి పెట్టండి. మెడిక్లెయిమ్ వాడి ఉంటే ఒరిజినల్స్ ఆ కంపెనీ దగ్గర ఉంటాయి, వాళ్ల ధృవీకరణతో కాపీలు, ఎంత చెల్లించారన్న లేఖ తెచ్చుకోండి. ఆరోగ్యశ్రీలో చేసిన ఆపరేషన్‌కు బిల్లు ఉండదు కానీ చికిత్స రికార్డు ఉంటుంది, అది గాయం తీవ్రతకు రుజువు. మందుల షాపులో వెనకటి తేదీతో బిల్లులు రాయించుకునే పని ఎవరు చెప్పినా చేయకండి. ఒక్క దొంగ బిల్లు పట్టుబడితే మిగతా నిజమైన బిల్లులన్నీ అనుమానంలో పడతాయి.

ఆదాయం రుజువులో సొంత పనివాళ్లు వెనకబడతారు. ప్రమాదానికి ముందు ఏడాది బ్యాంకు, ఫోన్‌పే లేదా గూగుల్ పే స్టేట్‌మెంట్లు, వైర్‌మన్ పర్మిట్ ఉంటే అది, పని చేయించుకున్న బిల్డరు లేదా కాంట్రాక్టరు ఒకరు సాక్షిగా. ప్రమాదం తర్వాత హడావుడిగా వేసిన ఐటీ రిటర్ను మేలు కన్నా కీడే చేస్తుంది. రైతులైతే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నా సరిపోదు, భూమి పోలేదు కదా అంటారు. స్వయంగా సాగు చేసేవాడినని, ఇప్పుడు కూలి పెట్టి చేయిస్తున్నానని చూపాలి.

రాజీ గురించి. స్టేషన్లో తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. పెట్టారంటే ఓనరుకు క్రిమినల్ కేసులో ఉపయోగం, మీకు పరిహారంలో దెబ్బ. డబ్బు తీసుకుని మేజిస్ట్రేట్ కోర్టులో "కారు తప్పు లేదు, నేనే పడ్డాను" అని మీ బావమరిది చెబితే, ఆ వాంగ్మూలం నకలు బీమా కంపెనీ తెచ్చి ట్రిబ్యునల్‌లో వేస్తుంది. అప్పుడిక చెప్పడానికి ఏమీ మిగలదు. కంపెనీ నుంచే ఆఫర్ వస్తే అది వేరు. సెక్షన్ 149 కింద కంపెనీ అధికారి ఆఫర్ ఇవ్వడం, మీరు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ నమోదు చేయడం, ఆపై 30 రోజుల్లో చెల్లించడం చట్టబద్ధమైన దారి. అయితే తీవ్ర గాయానికి సెక్షన్ 164 కింద తప్పు నిరూపించకుండా వచ్చే 2.5 లక్షలు ఈ పద్ధతిలో ఒప్పుకుంటే, ట్రిబ్యునల్‌లో ఉన్న మీ పిటిషన్ అంతటితో ముగిసిపోతుంది. పైన లెక్క వేసిన కేసుకు ఇది తగదు. తప్పు మీదే అని తేలే ప్రమాదం ఉన్నప్పుడు, సాక్షులే లేనప్పుడు మాత్రం అదే బంగారం.

లోక్ అదాలత్ మంచి మార్గమే, కాకపోతే సరైన సమయంలో. డాక్టరు సాక్ష్యం అయ్యాక వెళితే బేరం మీ చేతిలో ఉంటుంది. అంతకుముందు వెళితే కంపెనీ శాతాన్ని తనే ఊహించుకుని అంకె చెబుతుంది. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు, అది ఇద్దరికీ వర్తిస్తుంది.

కారు దొరక్కుండా పారిపోతే దారి పూర్తిగా వేరు. ట్రిబ్యునల్ కాదు, గుద్ది పారిపోయిన (హిట్ అండ్ రన్) ప్రమాదాల 2022 పథకం కింద తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు, దరఖాస్తు రెవెన్యూ అధికారికి. ప్రమాదంలో గాయపడింది కారు లోపల కూర్చున్నవాళ్లయితే ఆ కారు పాలసీ చూడండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే లోపలివాళ్లకు వర్తించదు, ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ ఉంటే వర్తిస్తుంది. ఓనరే నడుపుతూ తన తప్పుతో గాయపడితే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కటే ఆధారం, అది ట్రిబ్యునల్ పని కాదు, కంపెనీకి వెంటనే రాతలో తెలపాలి. తాజా ప్రమాదాలకు ఇంకొకటి: 2025 మే 5న వచ్చిన పథకం కింద మొదటి ఏడు రోజుల చికిత్సకు 1.5 లక్షల వరకు నగదు రహితంగా అందుతుంది, దానికి 112కు ఫోన్ చేయాలి.

లాయరు ఫీజు వచ్చే పరిహారంలో శాతంగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఆసుపత్రి వార్డుల్లో తిరిగి ఖాళీ వకాల్తాల మీద సంతకాలు తీసుకునే ఏజెంట్లతో ఇంకో ముప్పు, ఏ ఊళ్లో కేసు వేశారో కూడా మీకు తెలియదు. డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, నంబరు 15100.

అవార్డు వచ్చాక కూడా నెలలు పోయే చోటు ఒకటుంది. కంపెనీ 30 రోజుల్లో డిపాజిట్ చేయాలి. చేసిందా లేదా మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో, పిటిషన్‌లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందూ వెనకా అయినా చెక్ పిటిషన్ (డిపాజిట్ అయిన డబ్బు తీసుకునే పిటిషన్) వెనక్కి వస్తుంది. పాస్‌బుక్ మొదటి పేజీ, పాన్, రద్దు చేసిన చెక్కు అవార్డు రోజునే లాయరుకు ఇచ్చి, నేరుగా ఖాతాలో పడేలా ఉత్తర్వు అడగమనండి. సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఈ పద్ధతే పాటించమంది. కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే 90 రోజులు. హైకోర్టు సగం డిపాజిట్ చేయమని స్టే ఇస్తే, ఆ సగాన్ని తీసుకోవడానికి మీరే పిటిషన్ వేసుకోవాలి, అప్పీలు తేలేదాకా ఆగనవసరం లేదు.